దారి అడిగి తొక్కు, బిడ్డా

బిడ్డా, గేర్ల సైకిల్ కొన్నప్పటి సంది గుట్టలల్ల మంచి బాటలు ఎక్కడున్నయని అడుగుతనే ఉన్నవు. సంతోషమైంది. నీ ఈడు పిల్లలు 44వ నంబరు హైవే మీద బండ్లు ఉరికిస్తుంటే నువ్వు మట్టిబాట అడిగినవు. నాకు తెలిసినయి చెప్త. కానీ మొదాలు ఒక మాట విను. మన ఇచ్చోడ చుట్టూత ఉన్న ఏ బాటా సైకిల్ కోసం పడ్డది కాదు. పశులు నడిచి, ఇప్పపువ్వుకు పోయే ఆడోళ్లు నడిచి, గూడెం నుంచి గూడేనికి పెండ్లి పిలుపు తీస్కపోయినోళ్లు నడిచి పడ్డయి. అందుకని ఏ బాట ఎక్కినా ఆ ఊరోళ్లను అడిగి ఎక్కు.

మొదట కొన్ని రోజులు సిరిచెల్మ దిక్కే పో. చెరువు నడుమ మల్లన్న గుడి ఉన్న ఊరు. తారు రోడ్డు మీద పోయి, ఊరు దగ్గరపడ్డంక చేన్లల్లకు దిగే ఎడ్లబండి బాట పట్టు. ఎక్కుడు దిగుడు ఎక్కువుండది, గేరు ఎప్పుడు మార్చాల్నో కాళ్లకు అలవాటైతది. పత్తి ఏరే దినాలల్ల కూలికొచ్చినోళ్లు మూటలు పెట్టుకొని బాట మీదనే కూసుంటరు. బెల్లు కొట్టి వాళ్లను లేపకు. నువ్వే దిగి, సైకిల్ చేత పట్టుకొని పక్కకెళ్లి పో.

చెయ్యి తిరిగినంక బజార్‌హత్నూర్ దిక్కు గిర్నూర్ పో. ఊరు దాటితే అడవి. కనకాయి, బండ్రేవ్ గుండం, చీకటి గుండం అని మూడు తావుల నీళ్లు దుంకుతయి. సగం బాట తొక్కేది, సగం నడిచేది. నాకైతే అన్నింట్ల ఇదే ఇష్టం. టేకు చెట్ల నడుమ ఎండ పడీ పడక ఉంటది, నీళ్ల చప్పుడు ముందుగాల వినపడి నీళ్లు మెల్లగ కనపడతయి. ఇంకోటి తర్నం ఖుర్ద్ కాడికెళ్లి గాయత్రి జలపాతానికి పోయే బాట. మనోళ్లు గాడిద గుండం అంటరు. చేన్లు దాటి, అడవి దాటి, ఆఖరుకు లోయలకు దిగాలె. ఆ దిగుడు మీద సైకిల్ తొక్కకు, పైననే పెట్టి దిగు. కుంటాల, పొచ్చెర నేను చెప్పేదేముంది, అందరు పొయ్యేవే. కుంటాలల కడెం వాగు నూటయాభై అడుగుల దాక కిందికి దుంకుతది. చూసి రా, గుండంల మాత్రం దిగకు. ఈతొచ్చిన పిల్లలు కూడ అక్కడ పాణాలు పోగొట్టుకున్నరు.

మన దిక్కు గుట్టలు ఎక్కువ నల్లరాయివి. ఆరున్నర కోట్ల ఏండ్ల కింద లావా పారి గడ్డకట్టిన రాయి. ఆ రాయి అరిగే మన రేగడి అయ్యింది. వానకాలం రేగడిల తొక్కితే పది గజాలు పోకముందే చక్రానికీ బ్రేకుకూ నడుమ మన్ను ఇరికి సైకిల్ ఆగిపోతది. నువ్వు సైకిల్‌ను మోసుకొని రావాలె. దసరా దాటనియ్యి. వాగులు కూడ అప్పటికి తగ్గుతయి. కడెం వాగు పుట్టేది బోథ్, బజార్‌హత్నూర్ దిక్కు. అక్కడ గట్టి వాన పడితే నీ నెత్తి మీద ఎండ ఉన్నా వాగు వస్తది. మోకాలు దాటి నీళ్లుంటే వెనక్కి మర్లు, ఒడ్డు మీద ఆలోచన పెట్టుకోకు.

గుట్ట దిగేటప్పుడు ముందటి బ్రేకు ఒక్కటే పట్టి గుంజకు. గుండ్లు, మొరం మీద ముందటి చక్రం జారితే నెత్తి నేలకు తాకుతది. సీటు మీదికెళ్లి లేచి, నడుము వెనక్కి జరిపి, రెండు పెడళ్లు సమంగ పెట్టి, రెండు బ్రేకులు మెల్ల మెల్లగ నొక్కుకుంట దిగు. టైరుల గాలి రోడ్డుకు కొట్టినంత గట్టిగ కొట్టకు, గుండు మీద ఎగిరిపడతది. తుమ్మముల్లు, పల్లేరుకాయ మన బాటలల్ల ఎప్పుడూ ఉంటయి. ఒక ట్యూబు, పంపు సంచిల ఉంచుకో. హెల్మెట్ సంగతి నీకు మళ్ల చెప్ప.

కార్తీకం నుంచి మాఘం దాక మంచి కాలం. పొద్దుగాల చలి గట్టిగుంటది, చేతులకు తొడుగులు పెట్టుకో. ఫాల్గుణం వస్తే టేకాకు రాలి బాటంత కప్పుకపోతది, కింద గుండున్నదా గుంతున్నదా తెల్వదు. అదే కాలంల ఇప్పపువ్వు రాలుతది. తెల్లారగట్ల ఏరుకునే ఆడోళ్లు, పిల్లలు చెట్ల కిందనే ఉంటరు. ఎలుగుబంటికి కూడ ఆ పువ్వంటే పాణం. సైకిల్‌కు చప్పుడుండది, మలుపు తిరిగిందాక నువ్వొస్తున్నట్టు దానికి తెల్వది. బెదిరిన ఎలుగు మీద పడ్తది. ఆ పువ్వు రాలే దినాలల్ల ఎండ బాగ పొడిచినంకనే అడవిల అడుగుపెట్టు, మలుపు కాడ గట్టిగ కూతెయ్యి. పులి మాట కూడ మరువకు. కవ్వాల్‌ను 2012ల పులుల అభయారణ్యం చేసిన్రు, మహారాష్ట్ర తిప్పేశ్వర్ దిక్కుకెళ్లి పెన్‌గంగ దాటి పులులు మన జిల్లాకు వస్తనే ఉన్నయి. ఫారెస్టోళ్ల గేటు గానీ బోర్డు గానీ కనపడితే ఆగి, అనుమతి లేంది లోపలికి పోకు.

అన్నిటికంటె నాకు భయం రాత్రి. అడవిపందులకని చేన్ల చుట్టూ కరెంటు తీగలు కట్టేటోళ్లు ఇంకా ఉన్నరు. అది తప్పే, కేసులూ అయితున్నయి. అయినా చీకట్ల ఆ తీగ నీ కండ్లకు కనపడది. ఎంత మంచి లైటున్నా సరే, పొద్దు గూకేసరికి తారు రోడ్డు ఎక్కాల్సిందే.

ఇంతగనం అడిగి తొక్కాల్నా అంటవేమో. గుట్టలల్ల సైకిల్ తొక్కే ఈ ఆట పుట్టింది అమెరికాల, కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీల. పాత లావు టైర్ల సైకిళ్లు ఏస్కొని కొందరు పోరగాళ్లు అక్కడి కొండ బాటలల్ల కిందికి దిగేటోళ్లు. 1976ల పందెమే పెట్టుకున్నరు. దిగేసరికి వెనక చక్రం బ్రేకుల గ్రీజు కాలిపోయేది, మళ్ల నింపాల్సి వచ్చేది. దాని మీదనే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు పడ్డది. 1996కు అట్లాంటా ఒలింపిక్స్‌ల ఆటై కూసుంది. కానీ నడిచేటోళ్లతోని, గుర్రాల మీద పోయేటోళ్లతోని లడాయిలైనయి, చాన బాటలల్ల సైకిళ్లను బంద్ పెట్టిన్రు. 1988ల సైకిలోళ్లే సంఘం కట్టి, ఎదురొచ్చినోళ్లకు దారి ఇడవాలె, బాటను పాడు చెయ్యద్దు అని నియమాలు పెట్టుకున్నరు. వాళ్లకు లడాయి అయినంక తెలిసింది. మనకు ఆ లడాయే వద్దు.

గూడెంలకు పోయినప్పుడు దిగి, రాం రాం అను. పటేల్‌ను కలిసి ఏ బాట పట్టుకొని ఎటు పోతవో చెప్పు. ఏ వాగు దాటరాదో, ఏ చేను కాడ తీగ ఉన్నదో, నిన్న రాత్రి ఎటు దిక్కు మెకం అరిచిందో ఆయన చెప్తడు. ఆ సంగతులు నీ ఫోన్‌ల మ్యాపు చెప్పది. దీపావళి ముందర దండారి దినాలల్ల గుస్సాడీలు ఎదురొస్తే ఆగి నిలబడు, అడగంది ఫొటో తియ్యకు. నాగోబా జాతర ముంగట మెస్రం వంశమోళ్లు గోదారి నీళ్ల కోసం జన్నారం దిక్కు హస్తినమడుగు దాక కాలినడకన పోయి వస్తరు. ఒకరెనుక ఒకరు, కాళ్లకు చెప్పుల్లేకుంట. ఆ వరుస ఎదురైతే సైకిల్‌ను బాట కిందికి దింపు, ఆఖరి మనిషి దాటిందాక అక్కడే ఉండు. వాళ్ల తాతముత్తాతలు నడిచిన బాటల మీదికే నువ్వు తొక్కడానికి వచ్చినవు.

ఈ ఐతారం సిరిచెల్మకు పో. ఏ బాటల పోతున్నవో మీ అమ్మకు చెప్పి పో, ఫోన్ సిగ్నల్ అన్ని తావుల అందది. పొయ్యేముందు వెనక బ్రేకు వైరు బిగియ్యి. నిన్న నొక్కి చూసిన, వదులైంది.