కప్పు ఇచ్చిన చాలునా?

వానకాలపు రాత్రి కాలిబాటపై పరుండిన మనిషిని నగరపాలక సంస్థవారి బసకు చేర్చుదురు. పడక దొరకును, పొట్టకు అన్నము దొరకును. పది దినములు గడవకముందే అతడు మరల పాత దుకాణపు మెట్ల ముందే కనబడును. “ఇట్టివారికి మేలు చేసినను నిలువదు” అని చూచినవారు తలచుట సహజము. ఆ తలపు న్యాయమగునా యనునది విచారింపదగిన ప్రశ్న.

2011 జనగణనమున దేశమందు ఇల్లు లేనివారు 17 లక్షల 70 వేలకు పైగా లెక్కకు వచ్చిరి. పట్టణములలో లక్ష జనాభాకు ఒక బస వంతున ఉండవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2013లో ఆరంభమైన కేంద్రప్రభుత్వ పథకము మనిషికి 50 చదరపు అడుగుల చోటు నిర్ణయించెను. కొలత మంచిదే. కాని మనిషి బ్రతుకు ఆ కొలతలో ఇముడునా?

చెన్నపట్నమున ప్యారీస్ పరిసరములలో తరతరములుగా కాలిబాటపైనే కాపురముండు కుటుంబములు కలవు. బసలు సాధారణముగా పురుషులకు వేరు, స్త్రీలకు వేరు. భర్త ఒకచోట, భార్యాబిడ్డలు మరొకచోట పడుకొనవలెను. తోపుడు బండికి లోపల తావుండదు. సరకుల లారీ తెల్లవారుజామున వచ్చును. దాపున పరుండినవానికే మూట దించు కూలి దక్కును. తాగుడుకో మతిచాంచల్యమునకో లోబడినవానికి చికిత్స లేక నిబంధన మాత్రమే ఎదురైనచో, అతడు నిలువలేడు. అట్లని వీథి సుఖమని కాదు. అచట వాన, దొంగ, వాహనము మూడును భయమే. అతడు రెండు భయములను తూచి ఒకదానిని ఎన్నుకొనును.

దీనిని అపరిగ్రహమని మెచ్చుకొనుట తగదు. ముని విడిచినది తన ఇచ్ఛచే. ఇతనికి విడుచుటకు ఏమియు లేకపోయెను.

సమంతభద్రాచార్యుడు రత్నకరండక శ్రావకాచారమున ఆహారము, ఔషధము, ఉపకరణము, ఆవాసము అను నాలుగు దానములను పేర్కొనెను. అవి మునిసేవకై చెప్పబడినవే. లోకమున ప్రసిద్ధమైన చతుర్విధదానములలో మాత్రము ఆవాసము పేరు లేదు, అభయము కలదు. గోడలు కట్టుట ఆవాసము; లోపలికి వచ్చినవాని గుండెదడ తగ్గించుట అభయము. మొదటిది ధనముతో ముగియును. రెండవదానికి వాని మాట వినవలెను.

నియమములు లేనిచో బసలోని తక్కినవారికి రక్షణ ఉండదని నిర్వాహకుడు చెప్పును. అదియు సత్యమే. తిరిగిపోయినవాని మాటయు సత్యమే. ఒక వైపే చూచి తీర్పు చెప్పరాదని అనేకాంతము బోధించును. భార్యాభర్తలకు ఒకే బసలో చోటు, బండికి తాళము వేయు కొట్టము, తెల్లవారుజామున తెరచు తలుపు ఉన్నచో ఉభయులకును నష్టము లేదు.

అమ్మిన సరకు తిరిగివచ్చినచో మంచి వర్తకుడు ముందుగా సరకును చూచును, తూకమును చూచును. ఆ పిమ్మటనే కొన్నవానిని అనుమానించును. దానము తిరిగివచ్చినప్పుడును అదే పద్ధతి. రాత్రి అంగడి మూసి, ఎవరును పరుండకుండ మెట్లపై నీళ్లు చల్లించువాడు ఆ చెంబును క్రింద పెట్టి, “అక్కడ నీకు ఏమి కుదరలేదు నాయనా?” అని ఒక్కమారు అడుగుట మేలు.