తడిసిన ధాన్యం, మునిగిన బండి

ఒక సంఘటన ఊహించుకోండి. వనపర్తిలో ఒక యువకుడు కుటుంబాన్ని పోషించుకోవడానికి టాక్సీ నడపాలనుకున్నాడు. అమ్మ మెడలోని బంగారం కుదువ పెట్టి, మరికొంత అప్పు తెచ్చి, ఒక ఆటో కన్సల్టెన్సీలో పాత కారు కొన్నాడు. రంగు మెరుస్తోంది, సీట్లకు కొత్త కవర్లు ఉన్నాయి. రెండు నెలలు తిరగకముందే వైరింగు పాడైంది, బండి దారి మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మెకానిక్ సీటు విప్పి చూపించాడు. అడుగున ఎండిన బురద, తుప్పు!

"ఇది వరదలో మునిగిన బండి భాయ్. అమ్మినాయన మా షెడ్డులోనే బాగు చేయించాడు" అన్నాడు మెకానిక్.

"మరి నేను కొనేముందు నీకు చూపించాను కదా, చెప్పలేదేం?"

"ఇంజను ఎట్లుందని అడిగినవు, బాగుందని చెప్పిన. మునిగిందా అని నువ్వు అడగలేదు కదా!"

ఇది కల్పించిన సంఘటనే. కాని ఇలాంటి మాట మనలో చాలామంది ఏదో ఒక సందర్భంలో వినే ఉంటారు, బహుశా అనే ఉంటారు. 'అడగలేదు కాబట్టి చెప్పలేదు' అన్న సమాధానం అల్లాహ్ సన్నిధిలో చెల్లుతుందా? ఈ ప్రశ్న గురించే కాస్త ఆలోచిద్దాం.

తప్పు వానది కాదు

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకరోజు బజారులో నడుస్తూ ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగారు. రాశిలోకి చేయి పోనిచ్చి చూస్తే వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వాన పడి తడిసిందని అతను చెప్పాడు. అలాగైతే ప్రజలకు కనబడేలా తడిసినదాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసం చేసేవాడు తనవాడు కాదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు మనకు తెలిసిందే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ వ్యాపారి అబద్ధం ఆడలేదు. అడగగానే నిజమే చెప్పాడు. వాన కురవడం అతని తప్పు కాదు. తడిసిన ధాన్యం అమ్మకూడదని కూడా ప్రవక్త (స) అనలేదు. తప్పుపట్టింది ఒక్కటే, తడి అడుగున ఉండటం, పొడి పైన ఉండటం. నోటితో పలకని అబద్ధాన్ని ఆ రాశి పలికింది. గద్వాల, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డులకు పల్లికాయ తోలే రైతులకు, కొనే వ్యాపారులకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

బండి విషయమూ అంతే. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలు, అలంపూర్ ప్రాంతాలను ముంచెత్తాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు నీట మునిగాయి. ఇలాంటి ప్రతి వరదలోనూ బళ్లు మునుగుతాయి. బాగుచేసే ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీలు ఆ బండిని పూర్తి నష్టం కింద లెక్కకట్టి పరిహారం చెల్లిస్తాయి. ఆ తరువాత అది తక్కువ ధరకు చేతులు మారుతుంది. ఎవరో బాగుచేస్తారు, ఎక్కడో అమ్ముతారు. సముద్ర తీరపు ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగిన బండిదీ ఇలాంటి కథే. ఉప్పుగాలికి దాని అడుగుభాగం తుప్పు పట్టి ఉంటుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతుంది. సముద్రమే ఎరుగని మన పాలమూరు వైపు కొనేవాడికి ఆ అనుమానం కూడా రాదు.

మునిగిన బండిని బాగుచేసి అమ్మడం హరామ్ కాదు. ఆ సంగతి సీటు కవరు కింద దాచి అమ్మడమే మోసం. మీటరు వెనక్కి తిప్పడమూ ఈ కోవలోనిదే.

"ఉన్నది ఉన్నట్టు" అంటే సరిపోతుందా?

కొందరు ఇంకో దారి వెతుకుతారు. "బండి ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నా. చూసుకొని కొనుక్కో, తరువాత నాకు సంబంధం లేదు" అని కాగితం రాయించుకుంటారు. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో దీనిపై చాలా చర్చ జరిగింది. సరుకులో ముందునుంచే ఉన్న లోపం కొన్నాక బయటపడితే దాన్ని తిరిగి ఇచ్చేసే హక్కు కొన్నవాడికి ఉంటుంది. దీనినే 'ఖియారె ఐబ్' అంటారు. అయితే లోపాలతో తనకు బాధ్యత లేదని అమ్మేవాడు ముందే షరతు పెట్టి, కొనేవాడు ఒప్పుకుంటే ఆ షరతు చెల్లుతుందని హనఫీ పండితులు చెప్పారు. ఇతర ఇమాములు దానికి హద్దులు విధించారు.

మరి షరతు చెల్లితే పాపం కూడా పోయినట్టేనా? ఇమామ్ మాలిక్ (రహ్మలై) 'ముఅత్తా'లో ఉన్న ఒక సంఘటన చూడండి. ఆ కాలపు రివాజు ప్రకారం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒక బానిసను ఇదే షరతు మీద 800 దిర్హములకు అమ్మారు. కొన్నవాడు అతనిలో జబ్బు ఉందని, ఆ సంగతి తనకు చెప్పలేదని ఫిర్యాదు చేశాడు. వివాదం ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చింది. అమ్మేనాటికి ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయమన్నారు ఖలీఫా. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి ఒప్పుకోలేదు, ఆ మనిషిని వెనక్కి తీసుకున్నారు. అతను కోలుకున్నాక 1500 దిర్హములకు అమ్మారు.

ఖలీఫా వేసిన ప్రశ్న గమనించారా? షరతు రాసుకున్నారా లేదా అని కాదు, తెలుసా తెలియదా అని! తెలియని లోపానికి షరతు రక్షణ కావచ్చు. తెలిసీ దాచిన లోపానికి ఏ కాగితమూ రక్షణ కాదు. ఖాజీ ముందు గెలిచినా ప్రళయదినాన గెలవలేం.

తెలిసినవాడి బాధ్యత

ఇక మెకానిక్ సంగతి. అతను అమ్మలేదు, లాభం తీసుకోలేదు. అతనికేం బాధ్యత?

హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) ఉదంతం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఒక వ్యక్తి ఒంటెను కొని తీసుకుపోతుండగా ఆయన వెనకే త్వరత్వరగా వెళ్లి ఆపారు. దీన్ని మాంసం కోసం కొన్నావా, ప్రయాణం కోసమా అని అడిగారు. హజ్ ప్రయాణానికని కొన్నవాడు చెప్పాడు. అయితే దీని గిట్టలో రంధ్రం ఉంది, అంత దూరం నడవలేదు అన్నారు వాసిలా (రజి). అమ్మినవాడికి కోపం వచ్చింది. నా బేరం చెడగొట్టావు కదా అన్నాడు. అప్పుడాయన, లోపం చెప్పకుండా వస్తువు అమ్మడం ధర్మసమ్మతం కాదని, ఆ లోపం తెలిసినవాడు చెప్పకుండా ఊరుకోవడమూ ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) నోట తాను విన్నానని చెప్పారు.

ఆ కాలపు బండి ఒంటె. మాంసానికైతే ఆ రంధ్రం లోపమే కాదు, దూర ప్రయాణానికైతే ప్రాణం మీదికి వచ్చే లోపం. అందుకే ముందు "దేనికి కొన్నావు?" అని అడిగారు. వారానికోసారి ఊళ్లో తిరిగే కారుకు, జాతీయ రహదారి మీద రోజూ పిల్లాపాపలను ఎక్కించుకొని హైదరాబాద్ వెళ్లే టాక్సీకి తేడా లేదా? బ్రేకు లోపం తెలిసీ నోరు మూసుకున్న బ్రోకరు, మెకానిక్, పక్క దుకాణదారుడు, వీరంతా ఆ హదీసులోని 'తెలిసినవాడు' కిందికే వస్తారు. కొనేవాడు ముస్లిమా, హిందువా అన్న తేడా ఇందులో లేదు. మోసం ఎవరి పట్ల చేసినా మోసమే.

ఇవన్నీ చెబితే వ్యాపారం సాగుతుందా అని అడిగే సోదరులున్నారు. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి లోపం వెల్లడిస్తే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. ఆర్థికశాస్త్రజ్ఞుడు జార్జ్ అకెర్‌లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకొని ఇలాంటి నష్టాన్నే వివరించాడు. లోపాలు దాచే బజారులో కొనేవాడు ప్రతి బండినీ అనుమానించి తక్కువ ధరే ఇస్తాడు. దాంతో మంచి బండి అమ్మే నిజాయితీపరుడు బజారు వదిలిపోతాడు, చివరికి మిగిలేవి చెడ్డ బళ్లే! 2001లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

చట్టం ఎంతవరకు?

అమెరికాలో లోపమున్న కారును 'లెమన్' అంటారు, అంటే నిమ్మకాయ. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదటి 'లెమన్ చట్టం' తెచ్చింది. కొత్త కారులో అదే లోపం పలుమార్లు బాగుచేసినా పోకపోతే కారు మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు వాపసు ఇవ్వాలి. మన దేశంలో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2020 జూలై నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. దాని ప్రకారం లోపం సరిచేయమని, వస్తువు మార్చమని, ధర వాపసు ఇవ్వమని, పరిహారం చెల్లించమని జిల్లా కమిషన్ ఆదేశించవచ్చు. కొన్నవాడు తాను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. 5 లక్షల వరకు ధర చెల్లించినదైతే రుసుము లేదు. సలహాకు 1915 నంబరు ఉంది. స్వయంగా నడుపుకొని బతకడానికి ఆటోయో టాక్సీయో కొన్నవారు కూడా వినియోగదారులే.

అయినా చట్టానికి హద్దులున్నాయి. వారంటీ ప్రకారం లోపమున్న భాగం మార్చడమే కంపెనీ బాధ్యత, బండి మొత్తం కాదని 2006లో సుప్రీం కోర్టు ఒక కారు వ్యాజ్యంలో చెప్పింది. 2010లో మరో వ్యాజ్యంలో, తయారీలోనే లోపముందని స్వతంత్ర నిపుణుడు తేల్చితే ధర వాపసు ఇవ్వాలంది. అంటే లోపం రుజువు కావాలి. కాబట్టి బిల్లులు, మెకానిక్ రాసిచ్చిన కాగితాలు జాగ్రత్తగా దాచుకోవాలి. ఇక వ్యాపారి దగ్గర కాకుండా మామూలు మనిషి దగ్గర కొన్న పాత బండికి వినియోగదారుల కమిషన్ దారి సాధారణంగా ఉండదు. చట్టం చేయి అందని ఆ చోట దైవభీతి ఒక్కటే కాపలా.

గొలుసు ఎక్కడ తెగాలి?

ఇప్పుడు మన వనపర్తి యువకుడి దగ్గరికి వద్దాం. అతని ముందు ఒక తేలిక దారి ఉంది. కొత్త కవర్లు అలాగే ఉంచి, బండిని నాగర్‌కర్నూల్‌లోనో గద్వాలలోనో ఇంకొకరికి అంటగట్టడం. "నేను మోసపోయాను, నా డబ్బు నేను రాబట్టుకోవద్దా?" అని మనసు నచ్చచెబుతుంది. కాని తనను మోసం చేసింది కన్సల్టెన్సీ, తాను మోసం చేయబోయేది ఏ పాపమూ ఎరుగని మరో తల్లి కొడుకును! ఒకరు చేసిన అన్యాయం ఇంకొకరి మీద మనకు హక్కు ఇవ్వదు.

అతను చేయవలసినవి వేరే ఉన్నాయి. లోపం తెలిసిన వెంటనే అమ్మినవాడికి రాతపూర్వకంగా చెప్పాలి. తెలిశాక కూడా తనదిగా వాడుకుంటూ పోతే అది ఒప్పుకున్నట్టేనని ధర్మశాస్త్రం అంటుంది. తన చేతిలో జరిగిన నష్టాన్ని పాత లోపంగా చూపకూడదు. ఎక్కువ పాలున్నట్టు కనబడాలని పిండకుండా వదిలేసిన పశువును కొని మోసపోయినవాడు దాన్ని తిరిగి ఇవ్వవచ్చని ప్రవక్త (స) అన్నారు. అయితే దానితోపాటు ఒక సా ఖర్జూరాలు ఇవ్వాలని కూడా అన్నారు, ఎందుకంటే పిండుకున్న పాలు కొన్నవాడు వాడుకున్నాడు. పెబ్బేరు సంతలో పశువులు కొనేవారికి ఈ మోసమూ తెలుసు, ఈ న్యాయమూ అర్థమవుతుంది. మోసపోయినవాడి మీద కూడా న్యాయం బాధ్యత ఉంచుతుంది.

న్యాయం దొరక్క అమ్మక తప్పకపోతే, "ఇది మునిగిన బండి" అని చెప్పి అమ్మాలి. ధర తగ్గుతుంది, నిజమే. ఆ తగ్గిన డబ్బే తన పిల్లలకు హలాల్ అన్నం. మోసపు గొలుసు అతని దగ్గర తెగుతుంది.

సోదర సోదరీమణులారా! మన ఇంటి ముందు నిలబడిన బండిని, దుకాణంలోని సరుకును ఒకసారి చూసుకుందాం. తడిసిన గింజలు అడుగున ఉంటే ఈరోజే పైకి తీద్దాం. అల్లాహ్ మనందరికీ ఆ ధైర్యాన్ని, ధర్మసమ్మతమైన ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.