చికిత్స వేళ పాట, తోడు

క్యాన్సర్ చికిత్స ఒక్కరోజులో తేలిపోయేది కాదు. కీమోథెరపీని సాధారణంగా రెండు మూడు వారాలకొకసారి చొప్పున నెలల తరబడి ఇస్తారు. సెలైన్‌తో పాటు మందు ఎక్కడానికి ఒక్కోసారి గంటలు పడుతుంది. వికారం, నీరసం, జుట్టు రాలడం ఒకవైపు, రేపు ఏమవుతుందోనన్న బెంగ మరోవైపు మనిషిని కుంగదీస్తాయి.

ఆ బెంగను తగ్గించడంలో సంగీతం అక్కరకొస్తుంది. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2021లో వెలువరించిన సమీక్ష 81 అధ్యయనాలను పరిశీలించింది. పెద్దవారిలో ఆందోళన, నొప్పి, నీరసం తగ్గడానికీ, ఆశ పెరగడానికీ సంగీతం తోడ్పడవచ్చని తేల్చింది. పాట గడ్డను కరిగించదు, మందుకు బదులు కాదు. మందు ఎక్కే ఆ గంటలను భరించే ఓపికనిస్తుంది. అన్నమయ్య కీర్తనైనా, ఘంటసాల పాటైనా, నాట్లు వేస్తూ పాడుకున్న పల్లెపదమైనా ఎంపిక రోగిదే కావాలి.

రెండో బలం అయినవాళ్లు. రిపోర్టుల ఫైలు పట్టుకుని ఓపీ వరసలో నిలబడే తమ్ముడు, నోటికి హితవైనది అడిగి వండిపెట్టే కోడలు చేసేది చిన్న సేవ కాదు. "నీకేం కాదు" అని మాట దాటేయడం కన్నా, రోగి భయాన్ని చెప్పుకోనిచ్చి వినడం మేలు. చికిత్సలో తెల్ల రక్తకణాలు తగ్గుతాయి కనుక జలుబు, దగ్గు ఉన్నవారు ఫోన్లోనే పలకరించాలి. రోగికి జ్వరం 100.4 డిగ్రీలు తాకితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తెలిసినవారిలో ఎవరైనా చికిత్సలో ఉంటే ఈరోజే పలకరించండి. వారికి ఇష్టమైన పాట ఒకటి వినిపించండి.