చేతిలో లేనిది అమ్మే బేరం

వ్యాపారంలో లాభనష్టాలు సహజం. సరుకు కొన్నవాడు ధర పెరగాలని కోరుకుంటాడు. కాని ధర పడిపోవాలని కోరుకునే వర్తకుడు కూడా ఒకడున్నాడు. విచిత్రం ఏమిటంటే, అమ్మే సమయానికి ఆ సరుకు అతనిది కాదు. షేర్ మార్కెట్లో ఈ పద్ధతిని షార్ట్ సెల్లింగ్ అంటారు. వంద రూపాయలు పలుకుతున్న షేరును ఇతరుల దగ్గర అరువు తెచ్చి అమ్మేస్తాడు. ధర అరవైకి దిగాక కొని, అరువు తీర్చేస్తాడు. మధ్యలో మిగిలిన నలభై రూపాయలు అతని లాభం. ధర నూట యాభైకి ఎగబాకితే మాత్రం యాభై రూపాయలు సొంత జేబులోంచి పెట్టుకోవాలి. పడే ధరకు సున్నా దగ్గర హద్దు ఉంది, పెరిగే ధరకు హద్దు లేదు. అందుకే ఇలా అమ్మినవాడికి ఆ ధర ఎలాగైనా పడిపోవాలన్న ఆత్రం ఎక్కువ.

ఇందులో తప్పేముంది, ఇదీ వ్యాపారమే కదా అని కొందరు యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. ధర పడుతుందని అంచనా వేయడం పాపం కాదు. ఒక కంపెనీ డొల్ల అని తెలిసి ఆ మాట బయటికి చెప్పడం పాపం కాకపోగా, ఒక్కోసారి బాధ్యత కూడా. మరి దోషం ఎక్కడుంది?

పెద్ద కంపెనీకీ చిన్న కంపెనీకీ ఉన్న తేడా చూస్తే విషయం తెలుస్తుంది. రోజుకు లక్షల షేర్లు చేతులు మారే కంపెనీలో ఒక్కడు అమ్మినంత మాత్రాన ధర కదలదు. రోజంతా కలిపి కొన్ని వేల షేర్లు కూడా అమ్ముడుపోని చిన్న కంపెనీ సంగతి వేరు. అక్కడ ఓ మోస్తరు డబ్బున్నవాడు వరుసగా అమ్మకాలు గుమ్మరిస్తే కొనేవాళ్ళు చాలరు, ధర జారుతుంది. అది చూసి, ఏదో తెలిసే అమ్ముతున్నారని చిన్న మదుపరులు భయపడి తామూ అమ్ముకుంటారు. కంపెనీ యజమాని తన షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చి ఉంటే, ధర తగ్గగానే అప్పిచ్చినవారు ఆ తాకట్టు షేర్లను కూడా మార్కెట్లో పారేస్తారు. కొత్త షేర్లు జారీ చేసి పెట్టుబడి తెచ్చుకుందామంటే ధర చాలదు. మొదట ఒకడి ఊహగా ఉన్నది ఇలా వాస్తవమై కూర్చుంటుంది. ఊరి చెరువు ఎండిపోతుందని పందెం కాసినవాడి చేతికే తూము తలుపు కూడా అప్పగిస్తే ఏమవుతుంది? (పందెమే నిషిద్ధం, అది వేరే సంగతి.)

దీనికి అమెరికాలో జరిగిన ఒక ఉదంతం ఉంది. పెన్సిల్వేనియాలోని సెడోనా కార్పొరేషన్ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. 2000 నవంబరులో అది ఒక విదేశీ మదుపు సంస్థ నుంచి 30 లక్షల డాలర్లు తీసుకుని రుణపత్రాలు ఇచ్చింది. ఆ పత్రాలను తర్వాత షేర్లుగా మార్చుకోవచ్చు. అయితే ఎన్ని షేర్లు వస్తాయన్నది అప్పటి మార్కెట్ ధరను బట్టి ఉంటుంది. మెలిక ఇక్కడే ఉంది. లెక్క కోసం అనుకుందాం: షేరు ఒకటిన్నర డాలరు ఉంటే 30 లక్షలకు 20 లక్షల షేర్లు వస్తాయి, ముప్పావు డాలరుకు పడితే 40 లక్షలు వస్తాయి. అంటే కంపెనీ ఎంత చితికితే అప్పిచ్చినవాడికి దానిలో అంత పెద్ద వాటా! ఈ ప్రమాదం తెలుసు కనుకనే షార్ట్ సెల్లింగ్ చేయరాదని ఒప్పందంలో రాసుకున్నారు. అయినా ఆ మదుపు సంస్థ తరఫున పనిచేసిన రైనో అడ్వైజర్స్ 2001 మార్చిలో సెడోనా షేర్లను అలాగే అమ్మించి ధర పడగొట్టిందని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఆరోపించింది. 2003లో రైనో సంస్థ నేరం ఒప్పుకోకుండానే, కాదనకుండానే 10 లక్షల డాలర్ల జరిమానా కట్టి కేసు ముగించుకుంది. ఆ మార్చి నెలలో భయపడి అమ్ముకున్న చిన్న వాటాదారులకు ఈ మెలిక ఏం తెలుసు? తమ కంపెనీకే ఏదో అయిందని వారు అనుకుని ఉంటారు.

ఇక ధర్మశాస్త్రం వైపు చూద్దాం. హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) వర్తకులు. తన దగ్గర లేని వస్తువును జనం అడిగితే ముందు బేరం కుదుర్చుకుని, తర్వాత బజారులో కొని ఇవ్వవచ్చునా అని ఆయన దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. తన వద్ద లేనిది అమ్మవద్దని దైవప్రవక్త (సఅసం) ఆయనను వారించారు. అలాగే మదీనావాసులు ఖర్జూరాలకు ఏడాది, రెండేళ్ళ ముందే డబ్బు చెల్లించేవారు. దాన్ని మాత్రం రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలని షరతు పెట్టారు. దీన్నే సలమ్ అంటారు. రెండూ చేతిలో లేని సరుకు అమ్మకాలే కదా, ఈ తేడా ఎందుకు? సలమ్‌లో ధర మొత్తం ముందే చెల్లిస్తారు. ఆ డబ్బుతో రైతు తోట పెంచుతాడు, పంట పండాలని ఇద్దరూ కోరుకుంటారు. షార్ట్ సెల్లింగ్‌లో అమ్మినవాడు ఏదీ పండించడు. పైగా తాను అమ్మిన సరుకే చెడిపోవాలని కోరుకుంటాడు.

అరువు తెచ్చుకున్నాక షేరు అతని చేతిలో ఉన్నట్లే కదా అని వాదించేవారున్నారు. ఈ విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, బ్రోకరు అరువిస్తానన్న మాటను నమ్ముకుని తనవి కాని షేర్లు అమ్మడం సమ్మతం కాదని తీర్మానించింది. మలేషియాలోని షరీఅత్ సలహా మండలి మాత్రం నియంత్రణలకు లోబడిన షార్ట్ సెల్లింగ్‌ను అనుమతించింది. మాకు అకాడమీ మాటే బలమైనదిగా తోస్తోంది. బేలం పాటలో కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. ధరను పడగొట్టడానికే అమ్మడం దాన్ని తిరగేసినట్లు లేదూ?

అయితే ఎదుటివారి వాదనలో బలమున్న చోట దాన్ని ఒప్పుకోవాలి. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ లెక్కలను అనుమానించి, 2000 చివరి నుంచే దాని షేర్లను షార్ట్ చేసినవారున్నారు. 2001 డిసెంబరులో ఆ కంపెనీ దివాలా తీసింది. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంగతి తెలియని తెలుగువారు లేరు. 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాసి ఏళ్ళ తరబడి లెక్కలు పెంచి చూపామని చెప్పేదాకా మామూలు మదుపరికి నిజం తెలియలేదు. ముందే ఎవరైనా ఆ లెక్కలు తవ్వి బయటపెట్టి ఉంటే ఎందరో తమ డబ్బు కాపాడుకునేవారు. అలా బయటపెట్టినవాడు తానూ నాలుగు రూపాయలు సంపాదించాడని నిందించడం కష్టమే. కాని అతడు చేసిన మేలు నిజం చెప్పడం వల్ల కలిగినది, లేని షేరు అమ్మడం వల్ల కాదు. పైగా తీర్పును బట్టి లాభం పొందే సాక్షి మాటను ఏ న్యాయస్థానమైనా కాస్త అనుమానంతోనే వింటుంది. చిన్న కంపెనీ విషయంలో ఆ అనుమానం రెట్టింపు ఉండాలి. అబద్ధమని తేలేలోపే ఆ కంపెనీ కుదేలవుతుంది.

నిషేధం ఒక్కటే మందు అనుకోవడం కూడా తొందరపాటే. 2008 సెప్టెంబరులో అమెరికా సుమారు 800 ఆర్థిక సంస్థల షేర్లపై షార్ట్ సెల్లింగ్‌ను కొన్ని వారాలు ఆపింది. ధరలు పడుతూనే ఉన్నాయి. మన దేశంలో 2001 మార్చిలో మార్కెట్ కూలినప్పుడు సెబీ నిషేధం విధించింది. 2008 ఏప్రిల్ నుంచి అరువు తెచ్చిన షేర్లతో చేయడానికి మళ్ళీ వీలు కల్పించింది. అరువు ఏర్పాటు కూడా లేకుండా అమ్మి, గడువుకు షేర్లు ఇవ్వకపోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మనలో చాలామంది షార్ట్ సెల్లింగ్ జోలికి వెళ్ళరు. కాని షేర్లు కొని దాచుకున్నవారి ముందుకు ఇదే వ్యవహారం మరో ద్వారం గుండా వస్తుంది. 'మీ డీమ్యాట్ ఖాతాలో ఊరికే పడి ఉన్న షేర్లను అరువివ్వండి, ప్రతిఫలం పొందండి' అని ఆహ్వానాలు వస్తుంటాయి. అర్హత గల షేర్లకు ఎక్స్ఛేంజీల్లో ఈ వీలుంది. దీన్ని అద్దె అనుకుని చాలామంది సరిపెట్టుకుంటారు. అద్దెకిచ్చిన ఇల్లు ఇల్లుగానే తిరిగి వస్తుంది. అరువిచ్చిన షేరు ఆ రోజే అమ్ముడుపోతుంది, తర్వాత వచ్చేది దాని లాంటి మరొకటి. వాడి ఖర్చు చేసి, అలాంటిదే తిరిగి ఇచ్చేదాన్ని అప్పు అంటారు. అప్పు మీద ముందే నిర్ణయించుకున్న అదనాన్ని ఏమంటారో పాఠకులకు చెప్పనవసరం లేదు. అంతేకాదు, కంపెనీ ఎదుగుతుందన్న నమ్మకంతో షేరు కొన్నవాడే, అది పడిపోవాలని కోరుకునేవాడి చేతికి అదే షేరు అందించి ఆ కాస్త సొమ్ము తీసుకుంటాడు.