ఆ ఏళ్లు లెక్కలో ఉంటాయి





వినయపిటకంలో మొదటి పారాజిక దగ్గర చిన్న సంగతి ఒకటుంది. మనలో చాలామంది విని ఉండరు. ఒక భిక్ఖువుకు స్త్రీ లక్షణాలు వచ్చాయి. ఆ మాట భగవానుడికి విన్నవించారు. ఇది ఏ పాపఫలమో అని ఆయన విచారణ పెట్టలేదు. అదే ఉపాధ్యాయుడు, అదే ఉపసంపద, అవే వర్షావాసాలు, ఇకమీదట భిక్ఖునులతో కలిసి ఉండవచ్చునన్నాడు. ఒక భిక్ఖునికి పురుష లక్షణాలు వచ్చినప్పుడూ అంతే, భిక్ఖువులతో ఉండమన్నాడు.

ఎంత పెద్ద మాటో చూడండి. దేహం మారింది గానీ సంఘంలో గడిపిన ఏళ్లు పోలేదు, పెద్దరికం పోలేదు. మళ్లీ మొదట్నించి రమ్మనలేదు.

మరి మన ఇళ్లల్లో జరిగేదేంది? కొడుకనుకున్న బిడ్డ చీర కట్టుకుంటే, ఆ బిడ్డ చదివిన చదువు, ఇంటికి చేసిన చాకిరీ అన్నీ ఒక్కపూటలో కొట్టేస్తాం. ఆ బిడ్డే గూడూరు, కావలి మధ్య రైల్లో చప్పట్లు కొడతా వస్తే మొహం తిప్పుకుంటాం. నెల్లూరు పేటల్లో, సముద్రం పక్క పల్లెల్లో అద్దెకు గది అడిగితే ఖాళీ లేదంటాం. మన తాతలకు ఊరు చెప్పిన మాట ఇదే గదా! చండాలిక ప్రకృతి చేతి నీళ్లు ఆనందుడు తాగిన కథ విహారంలో చెప్పుకుని, ఇంటికొచ్చి హిజ్రాకు వేరే గ్లాసు పెడితే ఎట్టా?

ఒకటి దాచకూడదు. పండకులనే వాళ్లకు ఉపసంపద ఇవ్వరాదనే నియమమూ ఆ వినయంలోనే ఉంది. కొందరు దాన్నే చూపిస్తారు. అది ఒకరి ప్రవర్తన మీద వచ్చిన నియమం. భిక్ఖువుగా చేరడం గురించే గానీ, త్రిశరణం తీసుకోవడం గురించి కాదు, కూడు పెట్టడం గురించి అసలే కాదు. పాతమాట ఏదైనా హేతువుతో తూచమన్నారు బాబాసాహెబ్. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో తొమ్మిదోది మనుషులంతా సమానమనే నమ్మకం, పదోది ఆ సమానత్వం కోసం పాటుపడటం. ఫలానా వాళ్లు తప్ప అని అందులో లేదు.

బిట్రగుంట పక్క కప్పరాళ్లతిప్ప మనకు తెలిసిందే. ఎరుకలను అట్టాంటి సెటిల్‌మెంట్లలో కట్టిపడేసిన నేరస్థ జాతుల చట్టం 1871లో మొదట వచ్చినప్పుడు, దాని రెండో భాగం హిజ్రాల మీదే రాశారు. ఒకే చట్టం దెబ్బ తిన్నవాళ్లం.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వాళ్ల గుర్తింపును ఒప్పుకుంది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి పింఛను నెలకు 4,000 రూపాయలు. మంచిదే. కానీ గది ఇచ్చే మనిషి లేకపోతే ఆ డబ్బు పెట్టుకుని ఎక్కడ పడుకోవాలి? జ్వరమొస్తే ఆసుపత్రిలో ఏ వరసలో నిలబడాలి?

పౌర్ణమి వందనకు వాళ్లొస్తే ఎక్కడ కూర్చోబెట్టాలని కొందరు అడుగుతున్నారు. అక్కలు ఆడవాళ్ల వరసలో కూర్చుంటారు. వడ్డించడానికీ రానివ్వండి. ఇంట్లో గది ఖాళీగా ఉన్నవాళ్లు వందన అయినాక చెప్పిపోండి. అద్దె అందరికీ ఎంతో వాళ్లకూ అంతే.