చేతికి అందే దూరంలో

ఫిబ్రవరి చివరి వారం. ఫజ్ర్ నమాజు చేసుకొని, పిల్లల్ని వెంటబెట్టుకొని కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాకకు పక్షుల్ని చూడటానికి వెళ్ళాం. దారిలో మామిడి పూత పిందె కడుతోంది. ఆకు రాల్చిన బూరుగు చెట్లు ఎర్రగా పూశాయి. ఎక్కడో ఒక కోయిల అప్పుడే గొంతు సవరించుకుంటోంది. చలి పూర్తిగా పోలేదు, వసంతం పూర్తిగా రాలేదు.

సరస్సులో గూడబాతులు తెప్పల్లా తేలుతున్నాయి. కాస్త దూరంలో సూదితోక బాతులు తలలు నీట ముంచి మేస్తున్నాయి. ఇవి చలికాలం గడపడానికి సైబీరియా వంటి ఉత్తర ప్రాంతాల నుండి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన అతిథులు. ఎండలు ముదిరేలోగా తిరుగు ప్రయాణం కట్టాలి. అందుకే ఈ రోజుల్లో బాగా మేసి ఒంట్లో కొవ్వు నింపుకుంటాయి. ఆ కొవ్వే వాటి దారిబత్తెం. వలవేసేవాడికి ఆశపుట్టించేదీ అదే.

తిరిగి వస్తుంటే ఒకతను దగ్గరకొచ్చి, "బాతులున్నాయి సాయిబుగారూ! ప్రాణంతోనే ఉన్నాయి, మీరే హలాల్ చేసుకోవచ్చు" అన్నాడు గొంతు తగ్గించి. వద్దన్నాను. బండెక్కాక మా పదేళ్ళ అబ్బాయి అడిగాడు: "అబ్బా! బాతు హలాలే కదా, మరెందుకు వద్దన్నారు?"

చట్టం ఒప్పుకోదని చెప్పి ఊరుకోవచ్చు. అది నిజమే. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షుల్ని పట్టడం, అమ్మడం నేరం. కాని వాడి సందేహం చట్టం గురించి కాదు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసినదాన్ని మనమెందుకు వదులుకోవాలన్నది వాడి ప్రశ్న. హలాల్‌ను హరామ్ చేసే అధికారం ఏ మనిషికీ లేదు కనుక ఇది చిన్న ప్రశ్న కాదు. పైగా, పెళ్ళయిన కొత్తలో ఇదే దారిలో ఒక జత కొన్నవాణ్ణి నేను!

దివ్యఖుర్ఆన్‌లోని 'అల్ మాయిదా' సూరా 94వ ఆయత్‌ను గమనించండి. ఇహ్రామ్‌లో ఉన్న విశ్వాసులకు వేట ద్వారా పరీక్ష ఉంటుందని అక్కడ హెచ్చరిక ఉంది. ఆ వేట ఎక్కడో దూరాన ఉండదు. చేతులకు, ఈటెలకు అందేంత దగ్గరలో ఉంటుంది. అల్లాహ్‌ను చూడకుండానే ఆయనకు భయపడేదెవరో తేలడానికే ఆ పరీక్ష. ఆ వేటమాంసం నిన్నటిదాకా హలాలే, ఇహ్రామ్ విడిచాక మళ్ళీ హలాలే. జంతువు మారలేదు, మనిషి స్థితి మారింది. అంటే మాంసం హలాల్ కావడం వేరు, దాన్ని పొందే తీరు ధర్మసమ్మతం కావడం వేరు. దొంగిలించిన కోడిని బిస్మిల్లాహ్ అని కోసినంత మాత్రాన దొంగతనం చెరిగిపోతుందా?

కొల్లేరు హరమ్ కాదు, మనం ఇహ్రామ్‌లో లేం. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. కాని ఆ పరీక్ష నేర్పే పాఠం ఇక్కడా పనికొస్తుంది: చేతికి అందిందల్లా మనది కాదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఒక ప్రయాణంలో జరిగిన సంఘటన చెప్పారు. సహచరులు ఒక పిట్ట పిల్లలు రెండింటిని తీసుకున్నారు. తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. దైవప్రవక్త (స) అది చూసి, దాని పిల్లల్ని తీసుకొని దాన్ని బాధపెట్టిందెవరని అడిగి, వెంటనే తిరిగి ఇచ్చేయమన్నారు. అబూదావూద్ గ్రంథంలోని ఈ హదీసులో ఆ పిట్ట హలాలా, హరామా అన్న ప్రస్తావనే రాలేదు. తల్లి బాధ మీదనే ఆయన చూపు నిలిచింది.

పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ (1896-1987) జీవితం కూడా ఇలాంటి సందేహంతోనే మలుపు తిరిగింది. చిన్నప్పుడు ఆయన ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతుమీద పసుపు మచ్చ చూసి, ఇది ముస్లిం తినదగినదేనా అన్న అనుమానంతో మేనమామ దగ్గరకు తీసుకెళ్ళారు. ఆ ప్రశ్న వెంట నడిచిన కుర్రవాడే పెద్దయ్యాక, 1931-32లో హైదరాబాద్ సంస్థానంలోని పక్షుల సర్వే చేశారు.

కోడిని తింటూ బాతుమీద జాలిపడటం కపటం కాదా అని కొందరు అడగవచ్చు. కోడి మాంసం అల్లాహ్ ఇచ్చిన అనుమతి, దాన్ని పెంచినవాడి దగ్గర కొంటున్నాం. కొల్లేటి బాతును ఎవరూ పెంచలేదు. అది మన దగ్గర మూడు నాలుగు నెలలు ఉండి వెళ్ళే అమానతు. వలవేసేవాడు పేదవాడే కావచ్చు. కాని కొనేవాడు లేకపోతే వల ఎందుకు? కాబట్టి అతన్ని నిందించే ముందు నా పళ్ళెం నేను చూసుకోవాలి.

తలపైన రెక్కలు చాస్తూ, ముడుస్తూ ఎగిరే పక్షుల్ని చూడలేదా అని 'అల్ ముల్క్' సూరా మనల్ని అడుగుతోంది. వాటిని నిలిపి ఉంచేది ఆ కరుణామయుడే. ఆ జత బాతులు కొన్నరోజు నేను వాటి బరువు చూశాను, ప్రయాణాన్ని చూడలేదు. చూసినవాడి బాధ్యత చూడనివాడి బాధ్యత కంటే పెద్దది.

మా అబ్బాయికి ఇదంతా చెప్పలేదు. "అవి ఇంటికి వెళ్తున్నాయి బేటా" అన్నాను. వాడికి అర్థమైంది.

చేతికి అందినప్పుడు కూడా చేయి వెనక్కి తీసుకునే భయభక్తుల్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.