దేవుణ్ని దెప్పే కృతజ్ఞత

వరం అడగడానికి శివుడే దొరికాడా, ఆయనే బిచ్చమెత్తుకు తిరుగుతుంటే? 1986లో కె. విశ్వనాథ్ తీసిన ‘సిరివెన్నెల’లోని ఒక పాటలో సీతారామశాస్త్రి పరమేశ్వరుణ్ని నిలదీసింది ఇంచుమించు ఈ ధోరణిలోనే. కోకిలకు అంత గొంతిచ్చి నలుపు పూశాడనీ, పువ్వుకు మూణ్ణాళ్లూ బండరాయికి యుగాలూ పంచాడనీ ఫిర్యాదు. ఆ పాటను ఎవరూ తిట్టనుకోలేదు. సినిమా పేరే ఇంటిపేరుగా మారిన ఆ కవి పదో తరగతి దాకా చదువుకున్నది అనకాపల్లిలో.

కృతజ్ఞత అనగానే చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డ మనిషి గుర్తొస్తాడు. తెలుగు కవికి ఆ భంగిమ ఎప్పుడూ ఇరుకే. అతను చనువు తీసుకుంటాడు, దెప్పుతాడు, లెక్కలు తీస్తాడు. దీన్ని నిందాస్తుతి అన్నారు. భక్తుడి సంగతి అలా ఉంచితే, రాయడం నేర్చుకునేవాడికి ఇంతకు మించిన సాధన దొరకడం కష్టం. ఊరికే ‘నీ దయ’ అనడానికి దేన్నీ చూడనక్కర్లేదు. కోకిల విషయంలో దేవుడితో పేచీ పెట్టుకోవాలంటే మాత్రం దాని గొంతు వినాలి, రంగు చూడాలి, రెండింటికీ పొత్తు కుదరలేదని గమనించాలి. అంతలా గమనించినవాడు ఆ గొంతుకు అప్పటికే దాసోహమన్నట్టు.

అనకాపల్లికి దగ్గర్లోని సింహాచలం అప్పన్నకూ ఈ దెప్పులు కొత్త కావు. పద్దెనిమిదో శతాబ్దంలో దేవస్థానం కొలువులో ఉన్న గోగులపాటి కూర్మనాథకవి, శత్రుసేనలు మీద పడుతుంటే కళ్లు మూసుకు కూర్చున్నావేమని స్వామిని సీసపద్యాల శతకంతో ఎండగట్టాడు. చివరికి తుమ్మెదల దండు లేచి సేనల్ని తరిమిందని కథ. కథ మాట ఎలా ఉన్నా, శతకం అనే ప్రక్రియ చూడండి: ఒకే దేవుడు, ఒకే మకుటం, నూరుకు పైగా పద్యాలు. చివరి పాదం మారదు గనుక మిగిలిందంతా మారి తీరాలి. ఆ శతాబ్దంవాడే కాసుల పురుషోత్తమకవి కృష్ణాతీరంలో, శ్రీకాకుళపు ఆంధ్రవిష్ణువు మీద ఇదే ఆట ఆడి ‘ఆంధ్రనాయక శతకం’ రాశాడు.

అమెరికాలో ఎమన్స్, మెకల్లో అనే మనస్తత్వవేత్తలు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో కొందరిని వారానికోసారి, పది వారాలపాటు, తాము కృతజ్ఞులై ఉన్న విషయాలు అయిదింటి దాకా రాయమన్నారు. చిరాకులు రాసినవాళ్ల కంటే వీళ్లు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తి కనబరిచారు. మనసుకు మేలే. రచయితకు మాత్రం ఈ జాబితాతో ఒక చిక్కుంది. ‘కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం’ అని ఎవరైనా రాయొచ్చు. అది ఎవరిదో చెప్పలేం. భద్రాద్రి రాముడికి రామదాసు పాటగా కట్టిన జాబితానైతే ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు. గోల్కొండ చెరలో దెబ్బలు తింటూ, ఎవరెవరికి ఏ నగ చేయించిందీ, దానికెన్ని మొహరీలు పోసిందీ పేరుపేరునా ఏకరువు పెట్టాడు. అదే పాటలో, దెబ్బలకోర్వలేక తిట్టాను, ఏమనుకోకని వేడుకున్నాడు కూడా.

ఇక్కడ ధర్మసందేహం ఒకటి వస్తుంది. రాత బాగుపడాలని కృతజ్ఞత చెబితే అది బేరం కాదా? గవరపాలెంలో నూకాలమ్మ గుడికి కొత్త అమావాస్య జాతరకు వచ్చే జనాన్ని అడిగితే ఈ ప్రశ్నకు నవ్వుతారు. మొక్కంటేనే ఒప్పందం, కోరిక తీరింది, చెల్లించడానికి వచ్చాం, అందులో దాచేదేముంది? వేదం ఇంకాస్త దూరం వెళ్లింది. బ్రాహ్మణుడు పుట్టుకతోనే దేవతలకూ ఋషులకూ పితరులకూ బాకీ అంది తైత్తిరీయ సంహిత. ఋషుల బాకీ తీరేది చదువుతో. ఆ లెక్కన రాత మీద కష్టపడటమే ఒక వాయిదా కట్టడం. మన కావ్యాల అవతారికల్లో పూర్వకవులకు నమస్కారం పెట్టడం ఆ పద్దులోదే. పక్కనే కుకవుల్ని ఏకిపారేయడం కవి సరదా.

బౌద్ధుల దారి వేరు. అనకాపల్లి పక్కన శంకరంలో, 1907–08లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపిన బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. లింగాలకొండ మీద రాతిని తొలిచి వరుసలు వరుసలుగా చెక్కిన స్తూపాలు కనిపిస్తాయి. అక్కడ వరాలిచ్చే సృష్టికర్త లేడు, దెప్పడానికీ ఎవరూ లేరు. బుద్ధుడు జ్ఞానోదయం తర్వాత తనకు నీడనిచ్చిన బోధివృక్షాన్ని వారం రోజులు రెప్పవేయకుండా చూశాడని బౌద్ధ సంప్రదాయం. రచయితకు అదీ పాఠమే, కాకపోతే ఆట పాలు తక్కువ.

ఆ బొజ్జన్నకొండ మీదే కనుమనాడు ఒక రూపాన్ని రాక్షసుడనుకుని జనం రాళ్లు రువ్వే అలవాటు చాలాకాలం సాగింది. పశువుల మేలు తలుచుకునే పండుగ రోజున! నిందాస్తుతికీ ఈ రాళ్లకూ తేడా పరిచయంలో ఉంది. కూర్మనాథకవికి తాను తిడుతున్నదెవర్నో క్షుణ్ణంగా తెలుసు, కొండ మీద రాయి విసిరినవాడికి తెలియదు.

కాబట్టి అనకాపల్లి కుర్రాడెవరైనా కృతజ్ఞత అభ్యాసం మొదలుపెడితే దేవుడి దాకా వెళ్లనక్కర్లేదు. ఊరికి పేరు తెచ్చిన బెల్లంతోనే పేచీ పెట్టుకోవచ్చు: చీమల్ని పిలుస్తావు, వానాకాలం చెమ్మగిల్లి కారతావు, ముట్టుకుంటే చేయి వదలవు. మకుటం ఒకటి పెట్టుకుని, చెప్పిన నేరం మళ్లీ చెప్పకూడదని నియమం పెట్టుకోవాలి. తేలిక నేరాలన్నీ ముందే అయిపోతాయి. ఆ తర్వాత చెరకు గానుగ దగ్గరికీ, పొయ్యిలో చెరకుపిప్పి ఎగదోసే మనిషి దగ్గరికీ వెళ్లక తప్పదు.